ఫాదరుగారి చీటీల పెట్టె

ఆ కాగితంలో ఉన్నవి మూడే మూడు గళ్ళు. పుట్టుపూర్వోత్తరాలు, ఆలోచనా విధానం, అభిరుచులు. బడి పెట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా ఒక సంచిక వేస్తున్నారు. పాఠాలు చెప్పే ప్రతి ఒక్కరి గురించీ ఒక పేజీ ఉన్నప్పుడు, పొద్దున్నే ప్రార్థన నడిపే ఫాదరుగారి గురించి కూడా ఉండాలి కదా. శుక్రవారం మధ్యాహ్నానికల్లా రాసి ఇమ్మన్నారు. బుధవారం సాయంత్రమైనా ఆ గళ్ళు మూడూ కడిగిన పలకలాగే ఉన్నాయి.

రాయడం చేతకాక కాదు. ముప్పై ఏళ్ళుగా వారానికి రెండు ప్రసంగాలు రాస్తున్న చెయ్యి అది. కానీ సోమవారం నుంచీ ఆయన మనసు మనసులో లేదు. కలం పట్టుకుంటే చెవులు తలుపు వైపు పోతున్నాయి. వరండాలో చెప్పుల చప్పుడైతే చాలు, కుర్చీలోంచి లేస్తున్నారు. గోడకున్న మేకుకి నీలంరంగు పుస్తకాల సంచి ఒకటి వేలాడుతోంది. దాని తెగిన పట్టీని శనివారమే కుట్టి పెట్టారు. సంచి తాలూకు పిల్ల మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఆయన్ని ఫాదర్ అనడం పిల్లల అలవాటు. పెళ్ళయి, కూతురున్న మనిషిని అలా పిలవకూడదని కొత్తగా చేరిన టీచర్లు సవరించబోతే, "పోనివ్వండి, ఇంట్లో చేసే ఉద్యోగమే ఇక్కడా చేస్తున్నాను" అనేవారు. ఆయన గది మెట్ల కింద ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఎండ వచ్చీ రానట్టుండే ఒక కిటికీ. ఆ కిటికీ దగ్గర చేత్తో తిప్పే కుట్టుమిషను. కొత్తగా వచ్చిన పిల్లలందరూ ఒకటే అడుగుతారు, దేవుడి గదిలో కుట్టుమిషను ఎందుకని.

అది వాళ్ళ నాన్నది. ఆయన దర్జీ. ఫాదరుగారు తొమ్మిదేళ్ళవాడిగా ఉన్నప్పుడు నాన్న చూపు తగ్గడం మొదలైంది. సూది బెజ్జం కనిపించేది కాదు. కనిపించదని తెలిస్తే గుడ్డ ఎవరిస్తారు? అందుకని కొడుకు తెల్లవారగానే లేచి ముప్పై సూదులకి దారం ఎక్కించి, దిండుకి గుచ్చి పెట్టి, అప్పుడు బడికి పోయేవాడు. పై వరస నలుపు, మధ్య వరస గోధుమరంగు, కింద వరస తెలుపు, పక్కగా విడిగా ఆకుపచ్చ. నాన్న రంగు చూడక్కర్లేదు, తడుముకుంటే చాలు. రెండేళ్ళు అలా గడిచింది. ఇంట్లో వాళ్ళకి తప్ప మూడో కంటికి తెలియలేదు. ఒకరోజు పిల్లవాడికి జ్వరం వచ్చింది. పక్కింటావిడ జాలిపడి తనే సూదులెక్కించి పోయింది. వరసలు తారుమారయ్యాయి. నల్ల కోటు మెడపట్టీ చుట్టూ ఆకుపచ్చ దారం పడింది. కోటు సొంతదారు దాన్ని దుకాణం ముందు నడివీధిలో పైకెత్తి పట్టుకుని, దారినపోయే వాళ్ళందరికీ చూపించాడు. నెల తిరక్కుండా దుకాణం మూతపడింది. నాన్న ఒక్క మాటా అనలేదు. అదే వచ్చిన చిక్కు. అని ఉంటే కొడుకు ఏడ్చి ఊరుకునేవాడు. అనలేదు కాబట్టి, ఆ రోజు జ్వరం రాకుండా ఉంటే అన్న మాట అరికాల్లో ముల్లులా లోపలే ఉండిపోయింది. యాభై ఏళ్ళయింది.

పుట్టుపూర్వోత్తరాల గడిలో ఇదంతా పడుతుందా? పట్టినా రాయాలా?

ఆయన పని చేసే పద్ధతి కూడా ఆ మిషను నుంచి వచ్చిందే. పిల్లల్ని కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తూ "నీ బాధేమిటో చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. తెగిన పట్టీయో, ఊడిన గుండీయో తీసుకుని చూపు కుట్టు మీద పెట్టి చక్రం తిప్పుతూ కూర్చుంటే వాళ్ళంతట వాళ్ళే చెప్పుకొస్తారు. ఆ మాత్రం కూడా నోరు పెగలని వాళ్ళ కోసం తలుపు పక్కన ఒక చెక్క పెట్టె ఉంది. కాగితం ముక్క మీద రాసి వేస్తే, సోమవారం ప్రార్థనలో దేవుడికి విన్నవిస్తారు. అయితే చీటీని ఉన్నదున్నట్టు ఎప్పుడూ చదవరు. పాత కోటుని కుట్లు విప్పి, తిరగేసి, కొత్తగా కుట్టినట్టు మార్చేస్తారు. అన్న అక్కవుతుంది, విరిగిన కాలు అనారోగ్యమవుతుంది, తాగొచ్చిన తండ్రి "శాంతి కరువైన ఒక ఇల్లు" అవుతాడు. ఎవరిదో పోల్చుకోవడం రాసిన వాళ్ళ తరం కూడా కాదు. ముప్పై ఏళ్ళలో ఒక్క చీటీ బయటపడలేదు.

మొన్న శుక్రవారం వచ్చిన చీటీ ఇది. "మా అమ్మకి ఎడమ చెవి వినపడటం లేదు. తనకి తెలుసు కానీ ఎవరికీ చెప్పడం లేదు. నాకు తెలుసని అమ్మకి తెలియదు. దేవుడికొక్కడికే చెప్పండి."

ఎవరు వేశారో ఆయనకు తెలియదు. ఆదివారం సాయంత్రం మిగతా చీటీలన్నీ మార్చి రాసుకున్నారు. దీని దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కాగితం మీద అక్షరాల బదులు సూదుల దిండే కనిపించింది. "ఒక ఇంట్లో ఒకరి ఆరోగ్యం" అంటే సరిపోతుందిలే అనుకుని పక్కన పెట్టారు.

సోమవారం హాల్లో ఆరువందల మంది తలలు వంచుకుని నిలబడ్డారు. ఫాదరుగారు కళ్ళు మూసుకున్నారు. మూసుకున్న కళ్ళ ముందు నాన్న కూర్చుని దిండు తడుముకుంటున్నాడు. అంతే, నోరు జారింది. "అమ్మకి ఎడమ చెవి వినపడటం లేదన్న సంగతి ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్న ఒక బిడ్డ కోసం" అనేశారు. అని, ఆమెన్ అన్నారు.

ఆమెన్ అనగానే పియానో మోగాలి. ఏళ్ళ తరబడి రెప్పపాటు కూడా ఆలస్యం కాలేదు. ఆ రోజు మోగలేదు.

ఫాదరుగారు కళ్ళు తెరిచారు. వేదిక కింద పియానో ముందు సంగీతం టీచరుగారు వేళ్ళు మీటల మీద పెట్టి సిద్ధంగా కూర్చున్నారు. ఆవిడ ఎడమ చెవి వేదిక వైపుంది. ఆవిడ చూపు మాత్రం వేదిక మీద లేదు, మొదటి వరసలో నిలబడ్డ సొంత కూతురి మీద ఉంది. ఏడో తరగతి చదువుతున్న ఆ పిల్ల గడ్డం గుండెకి ఆనించి, ముఖం మల్లు గుడ్డలా తెల్లబోయి నిలబడి ఉంది. తల ఎత్తడం లేదు. టీచరుగారు ఎదురుచూస్తున్నారు. హాలంతా ఎదురుచూస్తోంది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక్కొక్క తలే పియానో వైపు తిరిగింది. అప్పుడు ఆవిడ ఉలిక్కిపడి, గబగబా పాట ఎత్తుకున్నారు.

ప్రతి సోమవారం ఆ పిల్ల తల ఎత్తితేనే పియానో మోగుతోందని, ఆ తల్లి చెవి ఈ పిల్లేనని ఫాదరుగారికి ఆ కొద్ది క్షణాల్లోనే అర్థమైంది. పాడవలసిన పాటలో ఒక్క మాటా గుర్తు రాలేదు. నీలం సంచి ఇచ్చిన పిల్లే చీటీ వేసిన పిల్ల అని తెలిసింది.

ఆ పూట టీచర్ల గదిలో లెక్కల మాస్టారు, "ఇవాళ ఆమెన్‌కీ పాటకీ మధ్య నేను ఒక లెక్క చేసి, సరిచూసుకున్నాను కూడా ఫాదర్" అన్నాడు.

"ప్రార్థన అంత పొడుగైతే ఆవిడకి మాత్రం కునుకు పట్టదా?" అన్నాడు సైన్సు మాస్టారు.

అందరూ నవ్వారు. నవ్వు పూర్తవకుండానే, మూలన ఉన్ని అల్లుకుంటున్న పెద్ద టీచరమ్మ తల ఎత్తింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. "ఎడమ చెవి అన్నారు కదూ?" అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఫాదరుగారు తేలుకుట్టిన దొంగలా కప్పు కింద పెట్టి బయటికొచ్చేశారు.

మంగళవారం ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. కోపిష్టి కాదు, కానీ పనిలో సూదిలాంటి మనిషి.

"సూటిగా అడుగుతాను ఫాదర్. అది మన సంగీతం టీచరేనా?"

"పెట్టెలో పడ్డది పెట్టె దాటదండీ. మీకు తెలుసు కదా."

"దాటించింది మీరే కదండీ!"

ప్రిన్సిపాల్ గారు గోడ మీది క్యాలెండరు చూపించారు.

"మూడు వారాల్లో వార్షికోత్సవం. నలభై మంది పిల్లలు ఆవిడ చేతి మీద పాడాలి. ఆవిడకి వినపడకపోతే నాకు ఇప్పుడే తెలియాలి, ఆ రోజు వేదిక మీద కాదు. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగుతాను. ఆ తర్వాత నేనే ఆవిడని పిలిచి అడుగుతాను. అన్నట్టు, మీ పేజీ కూడా అప్పటికే కావాలి."

చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా కనిపించలేదు ఆయనకి. టీచరుగారికి వెళ్ళి చెప్పేద్దామంటే, ఆ పిల్ల నమ్మి వేసిన చీటీని రెండోసారి బజారున పెట్టినట్టవుతుంది. చెప్పకపోతే శుక్రవారం ప్రిన్సిపాల్ గారి గదిలో ఆ తల్లి ఏ హెచ్చరికా లేకుండా నిలబడాలి. వీటన్నిటికంటే ఆయన్ని ఎక్కువ తొలుస్తున్నది ఇంకొకటుంది. ఆ పిల్ల ఇప్పుడు ఏమనుకుంటూ ఉంటుంది? నేను తల ఎత్తి ఉంటే అనుకుంటుంది. ఆ మాట ఎంత కాలం ఉంటుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ముందు ఆ పిల్లతో మాట్లాడాలి. మాట్లాడాలంటే అది గదికి రావాలి.

బుధవారం సాయంత్రం ఇంట్లో కాగితం ముందేసుకుని కూర్చుంటే, భార్య ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఏమండీ, అభిరుచుల్లో ఏం రాస్తున్నారు? పాట అని మాత్రం రాయకండి, అబద్ధమాడినట్టవుతుంది."

మామూలుగా అయితే ఆయనా నవ్వేవారే. ఆయన గొంతు అపస్వరాల పుట్ట. "ఫాదర్, మీరు పెదవులు కదపండి చాలు, స్వరం పిల్లలు చూసుకుంటారు" అని సంగీతం టీచరుగారు ప్రతి సోమవారం పియానో దగ్గర్నుంచే అనేవారు. ఈ ఏడాది మొదట్నుంచీ ఆ మాట ఆగిపోయింది. తన గొంతు బాగుపడిందనుకున్నారు ఆయన. స్నానాల గదిలో సాధన కూడా మొదలుపెట్టారు.

"నా పాట బాగుపడిందని చెప్తే నువ్వు అప్పుడేమన్నావు?" అని అడిగారు.

"ఇన్నేళ్ళలో రానిది ఇప్పుడెలా వచ్చిందండీ అన్నాను. మీరు అలిగారు."

ఆయన కలానికి మూత పెట్టేశారు. ఆవిడ మడతపెట్టే చొక్కాని ఒళ్ళో అలాగే ఉంచి, ఆయన ముఖం కేసి చూసింది. గదిలో విన్నది ఆయన ఇంట్లో చెప్పరని ఆవిడకి తెలుసు. ఏమీ అడగకుండా దీపం ఆయన వైపు జరిపి లోపలికి వెళ్ళింది.

గురువారం ఆయన ఏడో తరగతి గుమ్మం దాకా వెళ్ళారు. గంట కొట్టగానే పిల్లలు బిలబిలమంటూ బయటపడ్డారు. సంచి లేక పుస్తకాలు తాడుతో కట్టి గుండెలకి హత్తుకుని వస్తోంది ఆ పిల్ల. ఆయన్ని చూసింది. ఎవరో తోసినట్టు పక్కకి తప్పుకుని, పొడుగ్గా ఉన్న ఇద్దరి చాటున మెట్లు దిగి వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళలో పిల్లలు ఆయన దగ్గరికి పరుగెత్తుకుని రావడమే చూశారు. తప్పించుకుపోవడం అదే మొదటిసారి. రాత్రి అన్నం ముందు చేసే ప్రార్థనలో కూడా నోరు తెరవడానికి భయం వేసింది, మళ్ళీ ఎవరి గుట్టు రట్టవుతుందోనని.

శుక్రవారం పొద్దున్నే వాన పట్టుకుంది. పదకొండు గంటల వేళకి తలుపు కొంచెం తెరుచుకుంది. తడిసి ముద్దయిన పుస్తకాల కట్టతో ఆ పిల్ల గుమ్మం బయటే ఆగిపోయింది.

"సంచి కోసం వచ్చాను ఫాదర్. పుస్తకాలు నానిపోతున్నాయి. అంతే, ఇంకేం లేదు."

ఆయన మిషను దగ్గర్నుంచి లేచారు. ఈసారి చూపు కుట్టు మీద దాచుకోవడానికి వీల్లేదు. సంచి మేకు మీద నుంచి తీసి ఇచ్చి, పిల్లకి ఎదురుగా నిలబడ్డారు.

"తప్పు నాదమ్మా. దేవుడికొక్కడికే చెప్పమన్నావు. నేను బడంతటికీ చెప్పాను. నన్ను క్షమించు."

ఆ పిల్ల సంచిలోకి పుస్తకాలు సర్దుతూనే ఉంది. "మీరు అన్నా కూడా నేను తల ఎత్తి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అమ్మ నన్నే చూస్తుంది. ‘ఫాదర్ గొణుగుతారు, నాకు ఇక్కడికి సరిగ్గా వినపడదు, నువ్వు తల ఎత్తితే మొదలుపెడతాను’ అని చెప్పింది అమ్మ. ప్రతి సోమవారం ఎత్తాను. ఆ ఒక్క రోజే..."

అనుకున్నంతా అయింది. అదే మాట, ఆయన మాటే, పన్నెండేళ్ళ పిల్ల నోట. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎవరికీ పూర్తిగా చెప్పనిది, భార్యకి కూడా సగమే చెప్పినది, సూదుల దిండు సంగతి మొత్తం చెప్పారు. వరసలు, జ్వరం, పక్కింటావిడ, ఆకుపచ్చ దారం.

పిల్ల శ్రద్ధగా విన్నది. విని, కనుబొమలు ముడిచింది.

"జ్వరం వస్తే మీ తప్పేముంది ఫాదర్?"

ఆయన మిషను కేసి చూశారు. ఆ ప్రశ్న అడిగిన వాళ్ళు లేరు. తనని తాను అడుక్కోవడం కూడా తోచలేదు. లేచి వాన జల్లు కొడుతున్న కిటికీ మూశారు. "మరి గుండె ఝల్లుమని తల వంచేస్తే నీ తప్పేముంది?" అన్నారు.

పిల్ల అరచేత్తో ముక్కు తుడుచుకుని గోడ గడియారం చూసింది. "ప్రిన్సిపాల్ మేడం అమ్మని పిలుస్తారట కదా? మా క్లాసులో అనుకుంటున్నారు."

"మధ్యాహ్నం."

"అయితే ముందు మనం చెప్దాం. మీరూ రండి. నేనొక్కదాన్నే చెప్పలేను."

సంగీతం గది పై అంతస్తులో ఉంది. ఇద్దరూ మెట్లెక్కారు. ముప్పై ఏళ్ళలో ఎందరి ఇళ్ళకో చావు కబుర్లు మోసిన మనిషికి, ఈ ఇరవై నాలుగు మెట్లు కొండలా తోచాయి. లోపల టీచరుగారు స్వరాల కాగితాలు వరసగా పేర్చుకుంటున్నారు. ఆయన ఆవిడ కుడివైపుకి నడిచి వెళ్ళి నిలబడ్డారు. ఎందుకు అటు వచ్చారో ఆవిడకి అర్థమైపోయింది. చేతిలో కాగితాలు అలాగే ఆగిపోయాయి.

పిల్ల చెప్పింది. చీటీ రాసింది తనేనని చెప్పింది. కెటిల్ ఈల వేస్తున్నా అమ్మ వెనక్కి తిరగని రోజు నుంచీ తనకు తెలుసునని చెప్పింది. ఫాదరుగారు తన నోరు ఎలా జారిందో చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం గడువు గురించి కూడా చెప్పారు.

టీచరుగారు పియానో మూత మీద వేలితో ఒక గీత గీశారు. ఆ తర్వాత ఆయన కేసి తిరిగారు.

"దేవుడికి చెప్పారు. బడికి చెప్పారు. నా చెవి సంగతి నాకు చెప్పడానికి మాత్రం ఐదు రోజులు పట్టింది మీకు."

"నిజమేనండి."

"మీరు గొణుగుతారని ఏడాది నుంచీ అందరితో చెప్తున్నాను." ఆవిడ చేతిలో కాగితాలు పక్కన పెట్టారు. "మీరు గొణగరు ఫాదర్. గంటలా మాట్లాడతారు. అది నాకు తెలుసు."

"పరవాలేదండి. నేనూ నా పాట బాగుపడిందనుకున్నాను."

ఆవిడ తెల్లబోయి చూశారు. నవ్వు రాబోయి, దారిలోనే ఏడుపయింది. పిల్ల వచ్చి ఆవిడ భుజం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళారా అని ఆయన అడిగితే, తల అడ్డంగా ఊపారు. వెళ్తే డాక్టరు కాగితం మీద రాస్తాడు, రాస్తే అది నిజమవుతుంది, అందుకే వెళ్ళలేదట. కుడి చెవి సంగతి ఫాదరుగారు అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

పన్నెండుకి పది నిమిషాలుండగా ఆవిడ లేచి ముఖం కడుక్కున్నారు. "పిలిపించుకునే దాకా ఆగను. నేనే వెళ్తాను" అన్నారు. కూతురు వెంట బయలుదేరబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు ఫాదర్ దగ్గరుండు. తల ఎత్తడాలూ దించడాలూ ఇవాళ్టితో చాలు. ఇది నా పని."

కింది అంతస్తులో ప్రిన్సిపాల్ గారి గది ఎదుట ఒక బెంచీ ఉంది. తప్పుచేసిన పిల్లలు కూర్చునే బెంచీ. దాని మీద ఫాదరుగారు, పక్కన ఆ పిల్ల. తలుపు మూసి ఉంది. లోపలి మాటలు వినపడటం లేదు. ఒకసారి ప్రిన్సిపాల్ గారి గొంతు కొంచెం పైకి లేచి తగ్గింది. కోపమో, ఆశ్చర్యమో తెలియలేదు. ఆ తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. గంట పన్నెండు కొట్టింది. ఫాదరుగారి జేబులో కాగితం నాలుగు మడతలు పడి ఉంది. మూడు గళ్ళూ ఖాళీ. ఇవ్వవలసిన వేళ దాటిందని ఆయనకు గుర్తుంది కానీ, లేవలేకపోయారు.

పిల్ల సంచి పట్టీని రెండు చేతులా పట్టుకుని లాగి చూసింది. మళ్ళీ లాగింది.

"ఇది ఎన్నాళ్ళు ఆగుతుంది ఫాదర్?"

"రెండు వరసలు కుట్టాను. ఆగాలి."

"తెగితే?"

"తీసుకురా. మళ్ళీ కుడదాం."

పిల్ల తల ఊపింది. ఇద్దరూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.